పాత పానాలు: తుక్కు కొట్టులో పట్టుకున్న దగ్గర్నుంచి తుప్పు వదిలించి పనిలో పెట్టేదాకా

పాత స్పానర్లు, రెంచీలు పోగెయ్యాలని సరదా పడేవాళ్ళకి నేను ముందే చెప్పే మాట ఒకటుంది, యాంగిల్ గ్రైండర్ పక్కన పెట్టెయ్యండి. పానాకి విలువ దాని మెరుపులో ఉండదు, దాని మీద కొట్టిన అక్షరాల్లో ఉంటుంది, ఎవరు చేశారు, ఏ ఊళ్ళో చేశారు, ఏ బోల్టుకి చేశారు, ఎవరి వర్క్‌షాపులో పనిచేసింది అన్నీ ఆ నాలుగు అక్షరాల్లోనే ఉంటాయి. దానికి తగిలించే గరుకు చక్రం, ఫ్లాప్ డిస్క్, రెండు నిమిషాలు పెడితే అద్దంలా వస్తుంది నిజమే, కానీ ఆ తర్వాత అది ఎవరిదో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఇక్కడ చెప్పే పద్ధతులన్నీ నిదానంగా చేసేవి, తుప్పు పోవాలి, పానా మిగలాలి.

ఏవి ఏరుకోవాలి

మన దగ్గర తుక్కులోకి వచ్చే పాత పానాలు ఎక్కువ బ్రిటిష్ కొలతలవి. కారణం తెలిసిందే, రైల్వేలు వాళ్ళవి, రైసు మిల్లుల్లో, పొలాల్లో తిరిగిన లిస్టర్ రకం ఆయిల్ ఇంజన్లు వాళ్ళ డిజైనువి, 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్ బండి కూడా వాళ్ళదే. వాటితో పాటు వచ్చిన టూల్ కిట్లు, వర్క్‌షాపుల్లో వాడిన సెట్లు ఇంకా అక్కడక్కడా బయటపడుతూనే ఉంటాయి.

కింగ్ డిక్ అని పేరు కనబడితే వదలకండి. 1856లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన అబింగ్డన్ కంపెనీ వాళ్ళది అది, బుల్‌డాగ్ గుర్తు, జేబులో పట్టే చిన్న స్క్రూ స్పానర్ల దగ్గర్నుంచి పెద్దవాటి దాకా చేశారు. బాకో పేరున్న స్క్రూ స్పానర్లు స్వీడన్‌వి, ఇప్పుడు మనం రోజూ వాడే ఎడ్జస్టబుల్ స్పానర్ రూపానికి 1892లో పేటెంట్ తీసుకున్న యోహాన్సన్ కంపెనీ సరుకు. అమెరికా వైపు క్రెసెంట్, 1907లో న్యూయార్క్ రాష్ట్రం జేమ్స్‌టౌన్‌లో మొదలైంది, అక్కడ ఎడ్జస్టబుల్ స్పానర్‌ని ఏ కంపెనీది అయినా క్రెసెంట్ అనే పిలుస్తారు. పైపు రెంచికి మూలం స్టిల్సన్, 1869 పేటెంటు, మన ప్లంబర్లు పట్టుకు తిరిగేది ఇప్పటికీ దాదాపు ఆ డిజైనే.

మన దేశం సరుకుని చిన్నచూపు చూడకండి, ఈ మాట గట్టిగా చెబుతున్నా. గెడోర్ అసలు జర్మనీలోని రెమ్‌షైడ్‌లో 1919లో మొదలైన కంపెనీ, కానీ ఆ పేరు మీదే ఝలానీ వాళ్ళు మన దేశంలో ఏళ్ళ తరబడి పానాలు చేశారు, కాబట్టి గెడోర్ అని ఉండి కింద మేడ్ ఇన్ ఇండియా అని ఉంటే డూప్లికేటేమో అని పక్కన పడెయ్యొద్దు. నాసిక్ తపారియా కూడా స్వీడన్ కంపెనీ సాంకేతిక సాయంతో మొదలైందే, వాళ్ళ తొలి రోజుల సరుకు చేత్తో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. ఇవి ఇప్పుడు ఎవరూ దాచట్లేదు, అందుకే చౌకగా దొరుకుతున్నాయి.

ఎక్కడ వెతకాలి, ఎలా అడగాలి

హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ ఆదివారం సంత, పాతబస్తీ వైపు జుమ్మేరాత్ బజార్, సికింద్రాబాద్ రాణిగంజ్ వెనక సందులు. విజయవాడ వాళ్ళకి ఆటోనగర్ ఉండగా ఇంకో చోటు చెప్పక్కర్లేదు, లారీలు విప్పే షెడ్లలో అడుగున పడి ఉన్న డబ్బాలు చూపించమని అడగాలి అంతే. చిన్న ఊళ్ళలో పాత ఇనప సామాన్ల కొట్టు, మూతబడిన రైసు మిల్లు, బోరింగు మెకానిక్ ఇంట్లో అటక, ఇవి సంతల కంటే మంచివి, ఎందుకంటే అక్కడ సరుకు ఒకే చేతిలోంచి వస్తుంది, సెట్టు సెట్టుగా దొరికే అవకాశం ఉంటుంది.

బేరం దగ్గర ఒక కిటుకు. తుక్కు కొట్టులో అన్నీ కాటాకే, కిలో లెక్క. మీరు ఒక్క పానా తీసి అటూ ఇటూ తిప్పి అక్షరాలు చదువుతూ నిలబడితే కొట్టాయనకి అర్థమైపోద్ది, అప్పుడు అది కాటా సరుకు కాకుండా పీసు సరుకు అయిపోద్ది. నాలుగు మామూలువి, రెండు కావలసినవి కలిపి బుట్టలో వేసి "బాబాయ్, ఇవన్నీ కాటా వెయ్యి" అనడం మేలు. అదే రిటైరైన మెకానిక్ గారి ఇంట్లో అయితే మటుకు ఇలా చెయ్యొద్దు. అది ఆయన బతుకుతెరువు నడిపిన సామాను, దాని విలువ ఏంటో ఆయనకి చెప్పి, సరైన ధర ఇచ్చి, ఏ బండికి ఏది వాడేవారో కూర్చోబెట్టుకుని అడగండి, ఆ సమాచారం ఇంకెక్కడా దొరకదు.

రైల్వే గుర్తులున్న వాటి దగ్గర జాగ్రత్త. ఎన్.జీ.ఎస్.ఆర్ అని ఉంటే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, 1930కి ముందుది, ఎన్.ఎస్.ఆర్ అని ఉంటే ఆ తర్వాత నిజాం సర్కారు రైల్వేని తన చేతిలోకి తీసుకున్నప్పటి నుంచి 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసేదాకా. ఎం అండ్ ఎస్.ఎం అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా, 1908 నుంచి 1951 దాకా. ఇలాంటివి పాత వేలాల్లో బయటకొచ్చినవి, మన తెలుగు నేల చరిత్ర అది, దొరికితే అదృష్టమే. కానీ ఇప్పటి రైల్వే గుర్తులున్న కొత్త సామాను ఎవరైనా సంతలో పెడితే ముట్టుకోవద్దు, రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గర పెట్టుకోవడం మీద 1966 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. పాతవైనా సరే కొన్నచోట చీటీ రాయించుకోండి.

కొనే ముందు రెండు నిమిషాల పరీక్ష

తుప్పు చూసి భయపడొద్దు, పైపైన ఎర్రగా ఉన్న తుప్పు ఇట్టే పోద్ది. భయపడాల్సినవి వేరే. దవడలు తెరుచుకుపోయాయా చూడాలి, అంటే రెండు దవడల మధ్య సందు లోపల ఒకలా, కొసన ఒకలా ఉందా అని. జేబులో చిన్న వెర్నియర్ కాలిపర్ ఉంటే రెండు చోట్లా కొలవండి, లేకపోతే మంచి నట్టు ఒకటి పెట్టి ఊపి చూడండి. తర్వాత పిడి చివర సుత్తి దెబ్బలు, పైపు వెల్డింగ్ చేసిన గుర్తులు చూడాలి. మన మెకానిక్కులకి బలం చాలనప్పుడు పిడికి పైపు అతికించడం అలవాటు, ఆ వెల్డింగ్ వేడికి ఉక్కు పదును, అంటే గట్టిదనం, పోయి ఉంటుంది, అలాంటివి వదిలెయ్యడమే.

పోత పోసిందా, ఫోర్జింగ్ చేసిందా (అంటే కాల్చి సాగగొట్టి చేసిందా) అనేది అంచు చూస్తే తెలుస్తుంది. ఫోర్జింగ్ అయితే పక్క అంచున వెడల్పాటి పట్టీలాగా కత్తిరించిన గుర్తు, ఒళ్ళంతా నున్నగా ఉంటుంది. పోతది అయితే అతుకు గీత సన్నగా, ఒళ్ళు ఇసకలాగా గరుకుగా ఉంటుంది. దారానికి వేలాడదీసి ఇంకో ఇనప ముక్కతో మెల్లగా తట్టినా తెలుస్తుంది, మంచి ఉక్కు ఖంగుమని మోగుతూ ఉంటుంది, బీట ఉన్నదీ పోతదీ టక్ మని ఆగిపోద్ది.

బీటల పరీక్ష ఇంటికొచ్చాక చెయ్యొచ్చు. పానాని కిరసనాయిల్లో ఓ గంట ఉంచి, తీసి పొడిగా తుడిచేసి, దవడ మూలల్లో సుద్దపొడి పల్చగా పూయండి. బీట ఉంటే లోపల దాగిన కిరసనాయిలు కాసేపటికి సుద్దలోకి ఊరి సన్నటి తడి గీత కనబడుతుంది. అలాంటిది గోడకి తగిలించుకోవడానికే, బోల్టు మీద పెట్టొద్దు, బిగించేటప్పుడు విరిగితే వేళ్ళు పోతాయి.

కడగక ముందే అక్షరాలు చదవండి

ఇది చాలామంది దాటేసే అంచె, నాకైతే అన్నిటికంటే ఇష్టమైంది. పానాని పొడి టూత్ బ్రష్‌తో దులిపి, చీకటి గదిలో టార్చి పక్క నుంచి, బాగా వాలుగా వేసి చూడండి. తిన్నగా వేస్తే ఏమీ కనబడదు, వాలుగా వేస్తే అక్షరాల అంచులకి నీడ పడి మెల్లగా లేస్తాయి. ముందు ఒక ఎస్ కనబడుతుంది, తర్వాత దాని పక్కన చుక్క, టార్చి ఇంకాస్త కిందకి దించితే ఎన్ అనుకున్నది ఎం అని తేలుతుంది. సుద్ద ముక్క అడ్డంగా రుద్ది వేలితో తుడిస్తే పల్లాల్లో తెల్లగా నిలుస్తుంది, అది ఫోటో తీసుకోండి. పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దినా అచ్చు వస్తుంది. ఇదంతా కడగక ముందు ఎందుకంటే లోతు తక్కువ అక్షరాల్ని తుప్పే నింపి నిలబెట్టి ఉండొచ్చు, అది పోయాక చదవడం కష్టం అవుద్ది.

వెస్ట్ జర్మనీ అని ఉంటే 1949 నుంచి 1990 లోపుది. మూడు గీతల బాణం గుర్తు ఉంటే బ్రిటిష్ సర్కారు సామాను, దాని పక్కన రెండంకెలో నాలుగంకెలో ఉంటే చాలాసార్లు అది సంవత్సరం. క్రోమ్ వెనేడియం అని ఉంటే ఇంచుమించు 1930ల తర్వాతది అనుకోవచ్చు, అంతకుముందువి ఎక్కువ మామూలు కార్బన్ ఉక్కు.

ఇక సైజులు. కొత్తవాళ్ళు తికమక పడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెప్తా. విట్‌వర్త్ అనేది 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మరల (థ్రెడ్ల) కొలత, మర కోణం 55 డిగ్రీలు. ఈ పానాల మీద రాసి ఉండేది దవడల మధ్య దూరం కాదు, ఆ పానా పట్టే బోల్టు కాండం లావు. అందుకే 1/4 డబ్ల్యూ అని ఉన్నది కొలిస్తే పావు అంగుళం రాదు, 13.3 మి.మీ. వస్తుంది. 3/16 అయితే 11.3, 5/16 అయితే 15.2, 3/8 అయితే 18.0, 7/16 అయితే 20.8, 1/2 అయితే 23.4. ఇవి బోల్టు తల కొలతలు, పానా నోరు దీనికంటే వెంట్రుకవాసి ఎక్కువ ఉంటుంది. తర్వాత 1908 ప్రాంతంలో సన్న మరల బీఎస్ఎఫ్ (బ్రిటిష్ స్టాండర్డ్ ఫైన్) వచ్చింది, దాని తల ఒక సైజు చిన్నది, అందుకే ఒకే నోటి మీద 1/4 డబ్ల్యూ, 5/16 బీఎస్ అని రెండూ కొట్టి ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇనుము ఆదాకి విట్‌వర్త్ తలల్ని కూడా ఆ చిన్న సైజుకే తగ్గించారు, కాబట్టి పాత బోల్టుకీ యుద్ధం తర్వాతి బోల్టుకీ వేరే పానా పడితే ఆశ్చర్యపోవద్దు. ఏఎఫ్ (ఎక్రాస్ ఫ్లాట్స్) అని ఉంటే అప్పుడు మాత్రం రాసింది నిజంగా దవడల దూరమే, 1/2 ఏఎఫ్ అంటే 12.7 మి.మీ. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్‌కి మళ్ళింది, దేశీ పానా మీద మి.మీ. సైజులుంటే చాలావరకు ఆ తర్వాతదే.

విప్పడం

ఫిక్స్‌డ్ పానాలకి ఈ గొడవ లేదు. స్క్రూ స్పానర్ అయితే మర బిగుసుకుపోయి ఉంటుంది, బలవంతంగా తిప్పొద్దు. కిరసనాయిల్లో కొంచెం ఇంజన్ ఆయిల్ కలిపి అందులో ముంచి రెండు మూడు రోజులు వదిలెయ్యండి, రోజుకోసారి చెక్క సుత్తితో చుట్టూ తట్టండి, ఆ అదురుకే నూనె లోపలికి పోద్ది. కదలకపోతే నూనె శుభ్రంగా తుడిచేసి, ఆరుబయట హీట్ గన్‌తో వేడి చేసి, చల్లారుతుండగా మళ్ళీ నూనె చుక్కలు వెయ్యండి. గ్యాస్ పొయ్యి మీదా, కమ్మరి కొలిమిలోనూ పెట్టొద్దు. ఉక్కు మీద నీలి రంగు కనబడిందంటే మూడొందల డిగ్రీల దగ్గరికి వెళ్ళినట్టే, పదును దిగిపోయే ప్రమాదం ఉంటుంది.

క్రెసెంట్ రకంలో తిప్పే చక్రం మధ్యలోంచి ఒక పిన్ను ఉంటుంది, దాని తలకి స్క్రూడ్రైవర్ గాడి, లోపల చిన్న స్ప్రింగు. ఆ గాడిలో మురికి సూదితో తీసేసి, గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ పెట్టండి, వదులుది పెడితే గాడి చెదిరిపోద్ది. పిన్ను తీసేటప్పుడు పానా మీద గుడ్డ కప్పండి, స్ప్రింగు ఎగిరిపోతే దొరకదు.

తుప్పు వదిలించడం

ముందు జిడ్డు పోవాలి. కిరసనాయిలు, బ్రష్, తర్వాత గిన్నెలు తోమే సబ్బు, వేడి నీళ్ళు. జిడ్డుంటే కింద చెప్పే ఏ పద్ధతీ సరిగ్గా పట్టదు. పాత రంగు ఉంటే పొడిగా గీకొద్దు, వాటిలో సీసం ఉండొచ్చు, తడిపి గీకండి, మాస్క్ పెట్టుకోండి.

తక్కువ తుప్పుకి ఇత్తడి బ్రష్, నూనె, సన్న స్టీలు ఊలు చాలు, ఓ అరగంట పని. ఒక మోస్తరు తుప్పుకి నాకు నచ్చేది నిమ్మ ఉప్పు, కిరాణా కొట్లో దొరుకుతుంది. లీటరు నీళ్ళకి 50 నుంచి 100 గ్రాములు, ప్లాస్టిక్ టబ్బులో, పానా పూర్తిగా మునగాలి. గంట గంటకీ తీసి బ్రష్ చేసి చూసుకోండి, రాత్రంతా మర్చిపోయి వదిలేస్తే తుప్పు అయిపోయాక ఉక్కునే తినడం మొదలెడుతుంది, ఒళ్ళు మసక బూడిద రంగైపోద్ది. స్ప్రింగుల్ని ఆమ్లంలో వెయ్యొద్దు, పెళుసెక్కి విరుగుతాయి. ఇత్తడి భాగాలు ఇనుముతో కలిపి వెయ్యొద్దు, ఇనుము మీద రాగి పూత పడిపోద్ది. తీశాక వంట సోడా నీళ్ళలో ముంచి, బాగా మరిగిన నీళ్ళతో కడిగితే ఆ వేడికే క్షణాల్లో ఆరుతుంది, ఆరగానే నూనె పట్టించాలి, ఫోన్ వచ్చిందని పక్కకెళ్తే తిరిగొచ్చేలోపు మళ్ళీ పసుపు తుప్పు లేస్తుంది. నికెల్, క్రోమ్ పూత ఊడుతున్న పానాల్ని ఇందులో వెయ్యొద్దు, ఆమ్లం పూత కిందకి దూరి ఇంకా లేపేస్తుంది, వాటికి నూనె, స్టీలు ఊలే గతి. బెల్లం మడ్డి దొరికే ఊరైతే ఒక వంతు మడ్డి, తొమ్మిది వంతుల నీళ్ళలో రెండు మూడు వారాలు నానబెట్టే పద్ధతీ ఉంది, ఉక్కుకి మెత్తన, కానీ ఆ వాసన ఇంట్లో భరించలేరు.

పొరలు పొరలుగా తుప్పు పట్టిన వాటికి కరెంటు పద్ధతి. ప్లాస్టిక్ బకెట్లో లీటరుకి ఒక పెద్ద చెంచా చాకలి సోడా కలిపిన నీళ్ళు, 12 వోల్టుల పాత రకం బ్యాటరీ ఛార్జర్, దాని నెగెటివ్ తీగ పానాకి, పాజిటివ్ తీగ పారెయ్యగలిగిన మామూలు ఇనప రేకుకి. రెండూ తగలకూడదు. తీగలు తారుమారైతే తినేది మీ పానానే, ఒకటికి రెండుసార్లు చూసుకోండి. కొత్త ఆటోమేటిక్ ఛార్జర్లు బ్యాటరీ లేనిదే కరెంటు వదలవు, అందుకే పాత రకం అన్నా. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టొద్దు, విషపూరితమైన క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. జింకు పూసిన రేకు కూడా వద్దు. సోడా బదులు ఉప్పు అసలే వద్దు, క్లోరిన్ వస్తుంది. బుడగల్లో వచ్చేది హైడ్రోజన్, నిప్పు దగ్గర్లో లేకుండా ఆరుబయటే చెయ్యండి, చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపండి. రేకు వైపు ఉన్న ముఖమే బాగా శుభ్రం అవుద్ది, మధ్యలో పానా తిప్పండి. తీశాక నల్లటి బురద ఉంటుంది, బ్రష్ చేస్తే రాలిపోద్ది.

ఇంకో పద్ధతి ఉంది, పురాతన రూపు చెడకూడదు అనుకునే మంచి పీసులకి నేను దీన్నే ఎంచుకుంటా. ఆర్వో నీళ్ళలోనో శుభ్రంగా పట్టిన వాన నీళ్ళలోనో పానాని అరగంట మరిగించడం. ఎర్ర తుప్పు నల్లటి ఆక్సైడ్‌గా మారిపోద్ది, అది ఉక్కుని అంటిపెట్టుకుని కాపాడే పొర. పైన రాలే మసిని స్టీలు ఊలుతో మెల్లగా తుడిచి, అవసరమైతే మళ్ళీ మరిగించండి. ఒళ్ళు ముదురు నలుపు తేలుతుంది, అక్షరాలు ఒక్కటి కూడా చెదరవు. వంటకి వాడే గిన్నె మాత్రం తీసుకోవద్దు.

దవడలు, చిన్న చిన్న రిపేర్లు

దవడ అంచున లేచిన ముళ్ళని సన్న ఆకురాయితో తీసెయ్యండి, ముళ్ళు మాత్రమే, నట్టుని పట్టే ముఖాన్ని రుద్దితే సైజు పెరిగిపోద్ది. తెరుచుకున్న దవడల్ని వైస్‌లో పెట్టి నొక్కడం పాత మెత్తటి ఉక్కు పానాల్లో కొద్దిగా నడుస్తుంది, క్రోమ్ వెనేడియం వాటిలో చెయ్యొద్దు, చిట్లుతుంది. స్టిల్సన్ రెంచి పళ్ళు అరిగితే మూడు పలకల ఆకురాయితో ఒక్కో పల్లాన్ని లోతు చేసుకోవచ్చు, పళ్ళు మరీ గట్టిగా ఉండి ఆకురాయి జారిపోతుంటే అక్కడితో ఆపెయ్యండి. ఒక పానా దవడ పాడై, ఇంకోదానికి పిడి పాడైతే రెండూ కలిపి ఒకటి చేసే ప్రయత్నం స్క్రూ స్పానర్లలో అదే కంపెనీ అదే సైజు అయితే కుదురుతుంది, అందుకే విరిగినవి కూడా పారెయ్యకుండా పిన్నులు, చక్రాలు దాచుకోండి.

నూనె, నిలవ

చివరి పూతకి మరిగించిన అవిసె నూనె, పెయింట్ షాపులో బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అంటే ఇస్తారు. గుడ్డతో పట్టించి పదిహేను నిమిషాల తర్వాత మొత్తం తుడిచేసినట్టే తుడవండి, పల్చటి పొర మిగిలితే చాలు, మందంగా ఉంటే బంకలా అంటుకుంటుంది. ఆ గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, ఇది బెదిరింపు కాదు నిజంగా జరిగేదే, విప్పి దండెం మీద ఆరేసి ఆ తర్వాతే పారెయ్యండి. పనిలో వాడే పానాకి అవిసె నూనె కంటే మామూలు మెషిన్ ఆయిల్ మేలు. కదిలే మరలకి చుక్క గ్రీజు.

గోనె సంచిలో, అట్టపెట్టెలో, న్యూస్ పేపర్లో చుట్టి పెట్టొద్దు, అవి తేమ పీల్చి పట్టుకుంటాయి. విశాఖ, కాకినాడ, బందరు లాంటి చోట్ల ఉప్పుగాలికి నూనె పూత నెలల్లో ఓడిపోద్ది, అక్కడ మైనం పూత వేసి మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచండి. వానాకాలం ముందోసారి, అయ్యాకోసారి అన్నీ తీసి నూనె గుడ్డతో తుడవాలి.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. పానాకో నంబరు, ఎక్కడ కొన్నది, ఎవరి దగ్గర, అక్షరాలు ఉన్నది ఉన్నట్టు, కాలిపర్‌తో కొలిచిన నోటి సైజు, ఏ పద్ధతిలో శుభ్రం చేశారు అన్నీ రాయండి. ఆ నంబరు పానా మీద చెక్కొద్దు, దారానికి చీటీ కట్టండి. బాగున్న విట్‌వర్త్ పానాల్ని పాత బుల్లెట్ రిపేరు చేసేవాళ్ళకి చెప్పి ఉంచండి, ఆ బండ్ల మీద 13 మి.మీ. ఎక్కక, 14 జారి నట్టు తలలు గుండ్రం చేసుకుంటున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, 1/4 డబ్ల్యూ ఒకటి చేతికిస్తే వాళ్ళ పని అప్పటికప్పుడు తెమిలిపోద్ది.